పంట కనబడని కాలంలో ప్రార్థన: చెన్నపట్నంలో తెలుగు క్రైస్తవుల మూడు శతాబ్దాలు

ప్రార్థన ఫలించిందా లేదా అని తేల్చడానికి మనలో చాలామంది ఒకే లెక్క చూస్తారు: అడిగింది దొరికిందా, దొరకలేదా? ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేవాళ్ళు జబ్బు నయమైందనో, ఉద్యోగం వచ్చిందనో, ఆగిన పెళ్ళి కుదిరిందనో చెబుతారు. ఆ కృతజ్ఞతలో తప్పేమీ లేదు. అయితే అదొక్కటే సాక్ష్యమనుకుంటే, అడిగింది దొరకనివాళ్ళ విశ్వాసానికి విలువ లేకుండా పోతుంది. ఏళ్ళ తరబడి మోకరించినా జవాబు కనిపించనివాడు తన నమ్మకంలోనే లోపముందని కుంగిపోతాడు. ఈ లెక్క ఎంతవరకు సరైందో చూడడానికి చెన్నపట్నంలోని తెలుగు క్రైస్తవుల చరిత్ర కన్నా మంచి ఆధారం దొరకడం కష్టం. 1726లో ఒకసారి, 1837లో మరోసారి, 1941లో ఇంకోసారి ఈ పట్నంలో తెలుగువారి కోసం, తెలుగువారితో కలిసి ప్రార్థనతో పనులు మొదలయ్యాయి. మూడుసార్లూ పంట ఎక్కువగా పండింది వేరేచోట, చాలావరకు వేరే కాలంలో. యేసు మీద నమ్మకముంచడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే పంట పండిన రోజును కాదు, పండని రోజుల్లో మనుషులు నిలబడిన తీరును చూడాలని ఈ మూడు ఘట్టాలూ చెబుతున్నాయి.

మొదటి ఘట్టం బెంజమిన్ షుల్జ్‌ది. జర్మనీలోని హాలే నగరపు భక్తి ఉద్యమంలో తయారైన ఈ లూథరన్ గురువు 1719లో తరంగంబాడి చేరాడు. అక్కడి మిషన్‌కు పునాది వేసిన జీగెన్‌బాల్గ్ చనిపోయిన ఏడాదే అది. అక్కడ తోటివారితో పొసగక 1726లో ఉత్తరానికి, ఇంగ్లీషు కంపెనీ పట్నానికి వచ్చాడు. అప్పటి చెన్నపట్నం బజారులో, వర్తకుల ఇళ్ళలో, కంపెనీ దుబాసీల నోట తెలుగు బాగా వినిపించేది. తరంగంబాడిలో నేర్చిన తమిళం ఒక్కటే ఇక్కడ చాలదని షుల్జ్‌కు త్వరగానే అర్థమైంది. వెంటనే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తెలుగు వ్యాకరణం ఒకటి లాటిన్‌లో రాసుకున్నాడు. 1727 నాటికి కొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగులోకి తెచ్చాడు. పిల్లలకు బడి పెట్టాడు, వీధుల్లో బోధించాడు, చిన్న సంఘాన్ని కూడగట్టాడు. 1743లో ఓడెక్కి వెళ్ళిపోయే నాటికి పదహారేళ్ళకు పైగా ఇక్కడ గడిపాడు.

అంత శ్రమపడి చేసిన ఆ తెలుగు బైబిలు అచ్చు కాలేదు. రాతప్రతి హాలే చేరి అక్కడే ఉండిపోయింది. 1746, 1747లలో హాలేలోనే షుల్జ్ తెలుగులో కొన్ని చిన్న పుస్తకాలు అచ్చువేయించగలిగాడు. వాటిలో ప్రశ్నోత్తరాల రూపంలో ఉన్న క్రైస్తవ బోధ ఒకటి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు లెక్కించేది వీటినే. చెన్నపట్నం మీద ఆయన తెలుగులో రాసిన సంభాషణల ఇంగ్లీషు రూపం కూడా 1750లో అక్కడే వెలువడింది. ఆ పట్నం గుర్తు ఆయనను చివరిదాకా వదల్లేదని దాన్నిబట్టి తెలుస్తుంది. ఇక ఆయన ఇక్కడ వదిలి వెళ్ళిన పని సంగతి చూద్దాం. 1746లో ఫ్రెంచివారు పట్నాన్ని పట్టుకున్నారు. బ్లాక్ టౌన్‌లో ఉన్న మిషన్ గుడి ఆ గొడవల్లో పోయింది. ఇంగ్లీషువారు తిరిగి వచ్చాక 1749లో మిషన్‌కు వేపేరిలో చోటిచ్చారు. షుల్జ్ తర్వాత ఆ మిషన్‌ను నడిపిన ఫాబ్రిషియస్ కాలంలో, పుదుచ్చేరి పతనమైన 1761లో అక్కడినుంచి తెచ్చిన అచ్చుయంత్రం కూడా వేపేరికే చేరింది. అయితే దాని మీద ప్రధానంగా సాగింది తమిళ పని. తెలుగు కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది 1818లో, అదీ విశాఖపట్నంలో పనిచేసిన లండన్ మిషన్‌కు చెందిన ప్రిచెట్ అనువాదం. సంపూర్ణ తెలుగు బైబిలు 1854 దాకా రాలేదు. షుల్జ్ తన పని ముగించినప్పటినుంచి లెక్కిస్తే నూట ఇరవై రెండేళ్ళు. ప్రతి వాక్యాన్నీ ప్రార్థనతో దిద్దుకున్న మనిషి తన తెలుగు బైబిలు ఒక్క తెలుగువాడి చేతిలోనైనా అచ్చుపుస్తకంగా ఉండడం చూడకుండానే 1760లో కన్నుమూశాడు. ఫలితాన్నే కొలిస్తే ఆ ప్రార్థన విఫలమైందనాలి. తెలుగులో వాక్యం చదవడం సాధ్యమేనని, అందుకు ఒక జీవితం వెచ్చించడం తగునని మొదట నిరూపించింది ఆయనేనని గుర్తిస్తే మాత్రం ఆ మాట అనలేం.

రెండో ఘట్టంలో ఎదురుచూపు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1835లో బోస్టన్ నుంచి బయలుదేరి, విశాఖపట్నం, శ్రీకాకుళం చూసి, 1837 మార్చిలో మద్రాసు చేరాడు. మూడేళ్ళు ఇక్కడ ఉన్నాడు. తెలుగువారి మధ్యకు వెళ్ళాలన్నది ఆయన పట్టుదల. తెలుగు పల్లెలకు దగ్గరగా ఉండాలని 1840లో నెల్లూరుకు మారాడు. ఆ తర్వాతి పాతికేళ్ళ కథలో సంతోషం తక్కువ. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. జబ్బుచేసి డే స్వదేశానికి వెళ్ళాడు. 1849లో లైమన్ జూయెట్‌ను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ ఆరోగ్యం చెడి 1853లో శాశ్వతంగా వెళ్ళిపోయాడు. అదే ఏడాది అమెరికాలో ఆల్బనీలో జరిగిన మిషన్ సమావేశంలో, ఈ తెలుగు పనిని మూసేయాలా, ఉంచాలా అన్న చర్చ వచ్చింది. మిషన్ కేంద్రాలను చుక్కలతో గుర్తించిన పటంలో తెలుగు దేశానికి నెల్లూరు దగ్గర ఒకే ఒక చుక్క ఉంది. ఆ ఒంటరి చుక్కను చూసి కదిలిపోయిన ఎస్. ఎఫ్. స్మిత్ దాని మీద ఒక కవిత రాశాడు. ఆ కవిత సభలో చదివినప్పుడు జనం మనసు మారిందని మిషన్ చరిత్రలన్నీ చెబుతాయి. అప్పటినుంచి ఆ మిషన్‌కు ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు స్థిరపడింది. 1862లో మూసివేత మాట మళ్ళీ లేచినప్పుడు, సెలవు మీద స్వదేశం వెళ్ళిన జూయెట్, ఎవరూ తోడు రాకపోయినా తాను ఒక్కడే తిరిగి వెళ్తానని గట్టిగా నిలబడ్డాడు.

ఆ పాతికేళ్ళలోని ఒక ఉదయం దగ్గర ఆగి చూడడం అవసరం. 1854 జనవరి 1, తెల్లవారుజాము. ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. జూయెట్, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమన్నది వారు అడిగిన మనవి. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారని, మొత్తం మీద స్త్రీలే ఎక్కువని గమనించాలి. ఈ చరిత్రను దొరలు తెచ్చిపెట్టిన మతంగా చెప్పడానికి అలవాటుపడిన మనం, ఆ చలిగాలిలో నిలబడి తమ ఊళ్ళ కోసం, తమ మాటల్లో ప్రార్థించిన జూలియానూ రూతునూ పక్కకు నెట్టేస్తున్నాం. వారు అడిగింది వెంటనే జరగలేదు. పదకొండేళ్ళ తర్వాత 1865లో అదే మిషన్ తరఫున జాన్ క్లౌ వచ్చాడు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. అంతకు ముందే, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య విశ్వాసంలోకి వచ్చాడు. తన వృత్తి మీద తిరుగుతూనే పల్లెపల్లెకూ సువార్తను మోసుకెళ్ళింది ఆయనే. ఒంగోలు ప్రాంతపు కదలికకు అసలైన కాళ్ళు పేరయ్యవి.

ఇక్కడ చాలాకాలంగా ఉన్న ఒక గట్టి ఆక్షేపణకు జవాబివ్వాలి. 1878లో వేలమంది బాప్తిస్మం తీసుకున్నది విశ్వాసం వల్ల కాదు, ఆకలి వల్ల అన్నది ఆ ఆక్షేపణ. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని ధాత కరువు దహించింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. ఉపశమనం కోసం ప్రభుత్వం పెట్టిన పెద్ద పనుల్లో మద్రాసు నుంచి కోస్తా పొడవునా సాగే కాలువ ఒకటి. అప్పటి గవర్నరు పేరుతో అది బకింగ్‌హామ్ కాలువ అయింది. ఈ పట్నంలో అడయారునూ కూవాన్నీ కలిపే భాగాన్ని తవ్వింది కూడా ఆ కరువు కూలీలే. ఒంగోలు దగ్గర మూడు మైళ్ళకు పైగా కాలువ తవ్వే కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. యవ్వనంలో భూమి సర్వేలో పనిచేసిన అనుభవం ఆయనకు అక్కరకొచ్చింది. పాకలు వేయించాడు, తాగడానికి బావులు తవ్వించాడు, తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. పగలు మట్టి తవ్వినవాళ్ళు విరామంలోనూ సాయంత్రాల్లోనూ ఆ మేస్త్రీల నోటనే వాక్యం విన్నారు. కాబట్టి కరువుకూ ఈ విశ్వాసానికీ సంబంధం లేదనడం నిజం కాదు. సంబంధం ఉంది. అది ఎలాంటిదన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు తేదీల్లో ఉంది. సాయం పంచుతున్న కాలంలో, దాదాపు పదిహేను నెలల పాటు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నా ఆగమన్నాడు. కూడు కోసం వచ్చారన్న మాట తర్వాత రాకూడదన్నది ఆయన ఉద్దేశం. వానలు పడి, డబ్బు అయిపోయి, ఇవ్వడానికి ఇంకేమీ లేదని తెలియజెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున వంతులు తీసుకున్నారు, అలిసినప్పుడు మరో ఇద్దరు దిగారు. క్లౌ తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలే వాళ్ళను లాక్కొచ్చి ఉంటే, కూలీ ఆగిన తర్వాత వచ్చి నదిలో దిగాల్సిన పని లేదు. దిగినందువల్ల పల్లెలో భూస్వాముల కోపం, ఊరి కట్టడి, పాత కుల కట్టుబాట్లను తెంచుకున్నందుకు శిక్ష ఎదురవుతాయే తప్ప లాభమేమీ లేదు. గౌరవం కోసం వచ్చారని అనవచ్చు. అది నిజమే. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి, నీ పేరు తెలిసిన దేవుడున్నాడు, ఆయన ముందు నీవు తలెత్తుకుని నిలబడవచ్చు అని చెప్పిన మాటలో గౌరవమూ ఉంది, విశ్వాసమూ ఉంది. ఆ రెంటినీ విడదీయాలన్న పట్టుదల పుస్తకాలు రాసేవాళ్ళది. గుండ్లకమ్మలో దిగినవాళ్ళకు ఆ అవసరం లేదు. అదే 1878లో ముసలి జూయెట్ నెల్లూరు వదిలి మద్రాసు తెలుగువారి మధ్య పనిచేయడానికి వచ్చాడు. డే ఈ పట్నం విడిచిన ముప్ఫై ఎనిమిదేళ్ళకు మిషన్ మళ్ళీ బయలుదేరిన చోటికే చేరింది. అప్పటికి కొండ మీద ప్రార్థన జరిగి ఇరవై నాలుగేళ్ళు.

మూడో ఘట్టం ఇరవయ్యో శతాబ్దానిది, మొదలుపెట్టినవాడు అసలు తెలుగువాడే కాదు. బక్త్ సింగ్ 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజినీరింగు చదవడానికి లండన్, కెనడా వెళ్ళి, అక్కడ యేసును నమ్మి, 1933లో దేశానికి తిరిగొచ్చాడు. సింధు, పంజాబు ప్రాంతాల్లో బోధించాక దక్షిణాదికి వచ్చాడు. మద్రాసులో ఆయన కూటాలకు వేలమంది వచ్చారు. కానీ ఉన్న సంఘాలతో ఆయన మార్గం కుదరలేదు. 1941లో కొద్దిమంది తోటివారితో పల్లావరం కొండ మీద ఒక రాత్రంతా ప్రార్థనలో గడిపి, ఆ ఏడాదే మద్రాసులో ‘యెహోవా షమ్మా’ సహవాసాన్ని ప్రారంభించాడు. డిసెంబరులో మొదటి హోలీ కన్వొకేషన్ కూటాలు జరిగాయి. ఆ సహవాసంలో సేవకులకు జీతం లేదు. డబ్బు కావాలని ఎవరినీ అడగకూడదు, అవసరం దేవుడికే చెప్పుకోవాలి. కూటాలకు వచ్చినవాళ్ళు పందిళ్ళలో ఉండి, నేల మీద వరుసగా కూర్చుని, కులం అడగకుండా ఒకే పంక్తిలో తిన్నారు. అదే నెలలో యుద్ధం ఆసియా అంతటా రాజుకుంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ దాడి భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. చందాలు అడగకూడదని నియమం పెట్టుకున్న కొత్త సహవాసానికి అంతకన్నా చెడ్డ సమయం లేదు. అది నిలిచింది. దాని విస్తృతమైన పంట మాత్రం మళ్ళీ తెలుగు నేల మీదే పండింది. 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గర ఆ సహవాసపు కేంద్రం హెబ్రోను వెలిసింది. ఆ పద్ధతిలో ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో సహవాసాలు విస్తరించాయి. రాత్రి ప్రార్థనలు, ప్రేమవిందులు, ఎవరైనా లేచి ప్రార్థించగల ఆరాధన తెలుగు క్రైస్తవుల జీవితంలో నాటుకోవడంలో ఈ సహవాసాలకు పెద్ద వాటా ఉంది.

ఈ మూడింటినీ కలిపి చెప్పేటప్పుడు న్యాయంగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. నిలిచినవాళ్ళ కథలే మనకు మిగిలాయి కదా, ప్రార్థించి ఓడిపోయినవాళ్ళ మాటేమిటి? ధాత కరువులో మోకరించి చనిపోయినవాళ్ళున్నారు. మూతపడిన మిషన్లున్నాయి. ఎవరి ఊసూ మిగలని బోధకులున్నారు. ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. ప్రార్థన కరువును ఆపుతుందని గానీ, ఆగనిచోట విశ్వాసం చాలలేదని గానీ ఈ చరిత్ర చెప్పడం లేదు. చెప్పనివ్వదు కూడా. దేవుడు ఏ మనవికి ఎలా జవాబిచ్చాడన్నది చరిత్రకారుడి తూకానికి అందేది కాదు. ప్రార్థన మనిషిని ఏం చేసిందన్నది మాత్రం అందుతుంది. అచ్చుకాని బైబిలును చివరి పుట దాకా రాయించింది. మూసేద్దామన్న పనికి ఒంటరిగానైనా తిరిగి వెళ్ళే తెగువనిచ్చింది. వేలమంది వస్తామన్నప్పుడు ఆగమనే నిజాయితీ నేర్పింది. అడగకుండా బతికే క్రమశిక్షణ అలవరిచింది. ఈ గుణాలు గెలిచినవాళ్ళలో గెలుపు తర్వాత పుట్టినవి కావు. గెలుపు జాడ లేని రోజుల్లోనే వాళ్ళలో ఉన్నవి. అందుకే గెలవనివాళ్ళలోనూ అవి ఉండివుంటాయని నమ్మడానికి ఆధారముంది.

ఇంకో ఆక్షేపణ, దేవుడి మీద భారం వేయడమంటే చేతులు ముడుచుకోవడమేనన్నది. పైన చెప్పినవాళ్ళలో చేతులు ముడుచుకున్నవాళ్ళు ఎవరు? షుల్జ్ నడివయసులో కొత్త భాష నేర్చుకుని బైబిలంతా రాశాడు. పేరయ్య కాలినడకన ఊళ్ళు తిరిగాడు. క్లౌ కాలువ కాంట్రాక్టు లెక్కలు రాసుకున్నాడు. డబ్బు అడగని సహవాసంలో వేలమందికి వంట చేసే మనుషులున్నారు. ఫలితం తమ చేతిలో లేదని ఒప్పుకున్నవాళ్ళు పనిని వదిలేయలేదు. ఫలితం కనబడలేదన్న కారణంతో పని మానేయాల్సిన అగత్యం వాళ్ళకు లేకపోయింది. విశ్వాసం నాగలి పట్టినవాడికి వానను హామీ ఇవ్వదు, వాన రాకముందే దుక్కి దున్నే ధైర్యమిస్తుంది. ప్రతి ఫలితమూ తన చేతికే రావాలనుకునేవాడు మొదటి ఎండకే పొలం వదిలేస్తాడు.

ఈ చరిత్ర ఇవాళ మనకు గట్టిగా పనికొస్తుంది. తక్షణ అద్భుతాలను, ఆర్థిక ఆశీర్వాదాలను వాగ్దానం చేసే వేదికలు చెన్నైలోనూ, విజయవాడలోనూ, హైదరాబాదులోనూ పెరిగిపోయాయి. ఇంత కానుక వేస్తే అంత తిరిగొస్తుందని చెప్పే బోధ ప్రార్థనను బేరంగా మార్చేస్తుంది. బేరంలో కోరుకున్నది రాకపోతే మోసపోయామనే అనిపిస్తుంది. అలా గాయపడి విశ్వాసానికి దూరమైనవాళ్ళ దుఃఖానికి ఆ బోధ చెప్పేవాళ్ళు జవాబుదారులు. యేసు సొంత ప్రార్థనను తలుచుకుంటే ఈ బేరం ఎంత తప్పో తెలుస్తుంది. గెత్సెమనే తోటలో ఆయన ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగిపోవాలని వేడుకున్నాడు. అది తొలగలేదు. తండ్రి చిత్తానికే తనను అప్పగించుకుని లేచి, తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్ళకు ఎదురు నడిచాడు. అడిగింది దొరకడమే విశ్వాసానికి రుజువైతే ఆ రాత్రి ఆయనకే రుజువు లేదు. ఆయనను నమ్మడమంటే ఆ లేచి నడవడాన్ని నేర్చుకోవడం. చెన్నపట్నంలో షుల్జ్ కాగితాల ముందు, ఒంగోలు కొండ మీద జూలియా, రూతు, నర్సుల నోట, పల్లావరం కొండ మీద ఆ రాత్రి ప్రార్థనలో జరిగింది అదే. కనుక మన సంఘాల్లో జవాబు దొరికినవాళ్ళ సాక్ష్యాలతో పాటు, జవాబు దొరకకపోయినా సేవ మాననివాళ్ళ సాక్ష్యాలూ వేదిక మీద వినిపించాలి. సంవత్సరాలుగా మంచానపడ్డ మనిషికి రోజూ అన్నం పెడుతూ ప్రార్థిస్తున్న భార్య, ఊళ్ళో ఒక్కరూ మారకపోయినా బడి నడుపుతున్న పాస్టరు, పరీక్ష తప్పినా ఆరాధన మానని పిల్లవాడు ఈ మూడు శతాబ్దాల చరిత్రకు నిజమైన వారసులు. వారి విశ్వాసంలో లోపం వెతకడం మానేసి, దాన్ని గౌరవించడం నేర్చుకుంటేనే ఈ వారసత్వం మనదని చెప్పుకునే హక్కు మనకుంటుంది.